లెడ్‌విల్ కొండల్లో టాకో బండి

అమెరికాలో కొలరాడో కొండల్లోని లెడ్‌విల్‌లో మంచి టాకో, అంటే మొక్కజొన్న రొట్టెలో మాంసమో కూరో పెట్టి మడిచి తినే మెక్సికో తిండి, ఎక్కడ దొరుకుతుందని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే: తెల్లవారకముందే బస్సెక్కి పనికి పోయేవాళ్లను అడగండి. సాయంత్రం తిరిగి వచ్చాక వాళ్లు ఎక్కడ ఆగి తింటారో అక్కడికి వెళ్లండి. నేను ఆ ఊరికి రాకపోకలు సాగించింది 2009 నుంచి 2011 వరకు. అప్పట్లో నా దగ్గరున్న ఫోను మాట్లాడటానికి, సందేశం పంపడానికి తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. కొత్త ఊళ్లో ఏం తినాలన్నా మనుషులనే అడగాలి. అలా అడగబట్టే నాకు ఆ బండి దొరికింది.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యారు. నేను కూడా గనుల చదువే చదివి, పైచదువుకు కొలరాడోలోని గోల్డెన్ పట్టణం వెళ్లాను. అక్కడి స్కూల్ ఆఫ్ మైన్స్ 1874 నాటిది. పాడుబడిన గనుల నుంచి ఊటగా వచ్చే నీటి మీద నా పరిశోధన. దానికి లెడ్‌విల్‌ను మించిన చోటు లేదు. వందేళ్లకు పైగా వెండి, సీసం, జింకు తవ్వి పారబోసిన రాతిగుట్టలు ఊరి తూర్పున కొండంతా పరుచుకుని ఉంటాయి. మంచు కరిగిన నీరు వాటి మీదుగా పారి, పుల్లబడి, జింకునూ కాడ్మియాన్నీ మోసుకుంటూ ఆర్కన్సా నదిలో కలిసేది. కాలిఫోర్నియా గల్చ్ అనే అక్కడి వాగు పరీవాహకాన్ని అమెరికా ప్రభుత్వం 1983లో సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విష వ్యర్థాలు తొలగించి శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో, చేర్చింది. అప్పటి నుంచి శుభ్రం చేస్తూనే ఉన్నారు. వాగుల వెంట తిరిగి సీసాల్లో నీళ్లు పట్టడం, వడకట్టడం, కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపి మూత బిగించడం, ఐసు పెట్టెలో సర్ది గోల్డెన్ చేర్చడం నా పని.

గోల్డెన్ నుంచి రెండు గంటల దారి. ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక, కాపర్ మౌంటెన్ దగ్గర పెద్ద రోడ్డు వదిలి ఫ్రీమాంట్ కనుమ ఎక్కాలి. కనుమ మీద 3,450 మీటర్ల ఎత్తున క్లైమాక్స్ గని. అక్కడ తవ్వేది మాలిబ్డినం, ఉక్కును గట్టిపరచడానికి కలిపే లోహం. ఒక కొండలో సగం కూలిపోయి ఎర్రటి గాయంలా కనిపిస్తుంది. ఒకప్పుడు ప్రపంచానికి కావలసిన మాలిబ్డినంలో అధిక భాగం ఆ ఒక్క కొండ నుంచే వచ్చేది. కనుమ దిగితే ఎదురుగా మాసివ్, ఎల్బర్ట్ శిఖరాలు. ఎల్బర్ట్ ఎత్తు 4,400 మీటర్లు, రాకీ పర్వతాలన్నిటిలో అదే పెద్దది. ఆ రెండింటికీ ఎదురుగా 3,094 మీటర్ల ఎత్తున ఊరు. 1880 నాటికి వెండి కోసం పరుగెత్తుకొచ్చిన దాదాపు పదిహేను వేల మందితో కిటకిటలాడిన పట్టణంలో, నేను వెళ్లేనాటికి రెండున్నర వేల పైచిలుకు జనం ఉన్నారు.

అంత ఎత్తున వంట వేరే విద్య. నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. కుతకుత ఉడుకుతున్నట్టే కనిపిస్తుంది, కానీ బియ్యపు గింజ మధ్యలో పలుకు అలాగే ఉంటుంది. కందిపప్పు సంగతి చెప్పనక్కరలేదు. మేం బస చేసే అద్దె గదిలో చిన్న పొయ్యి ఉండేది. అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన మూడు లీటర్ల కుక్కర్ లేకపోతే ఆ ఊళ్లో నాకు అన్నం లేదు. కింద మూడు విజిల్స్‌కు ఉడికే పప్పుకు అక్కడ ఇంకా ఎక్కువ పట్టేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఎత్తులో చిక్కుడు గింజలను వెన్నలా ఉడికించే మనిషి ఎవరైనా ఉంటే ఆ మనిషికి పని వచ్చని అర్థం. నాకు ఆ సంగతి ముందు తెలుసు గనుకే ఆ బండి దగ్గర తొలి ముద్దకే ఆగిపోయాను.

ప్రధాన వీధి హారిసన్ అవెన్యూ చూడముచ్చటగా ఉంటుంది. 1879లో హోరేస్ టేబర్ కట్టించిన ఒపేరా హౌస్ ఇంకా నిలబడే ఉంది. వెండితో కోట్లు గడించి, 1893లో వెండి ధర కూలగానే సర్వం పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయన రెండో భార్య బేబీ డో, ఊరి పైన మ్యాచ్‌లెస్ గని పక్కన చెక్క గుడిసెలో ఒంటరిగా బతికి, 1935 చలికాలంలో గడ్డకట్టిన శవమై కనిపించింది. యాత్రికులు ఈ కథలు వినడానికి వస్తారు, కొండలెక్కడానికి వస్తారు, వంద మైళ్ల పరుగు పందేనికి వస్తారు. వాళ్ల కోసం ఆ వీధిలో బర్గర్లు, పిజ్జాలు ఉంటాయి. టాకోలూ దొరికేవి. గట్టిగా వేయించిన పెంకులో గొడ్డు మాంసం కీమా పోసి, పైన లెట్యూస్, పసుపుపచ్చ చీజు తురుము చల్లి ఇచ్చేవారు. కొరకగానే పెంకు రెండు ముక్కలై అంతా పళ్లెంలో పడేది. పైగా నేను గొడ్డు మాంసం తినను. మొదటి వేసవి అంతా రొట్టె, గుడ్డు, కుక్కర్ అన్నంతోనే గడిచిపోయింది.

బండి జాడ బట్టలుతికే షాపులో దొరికింది. గని బురద బట్టలకు పట్టుకుంటే తుప్పు మరకలా ఉంటుంది, ఎంత ఉతికినా పోదు. మరక పోకపోయినా వాసన పోతుందని వారానికోసారి నాణేలు వేసి తిప్పే మిషన్ల దగ్గర కూర్చునేవాణ్ని. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. హోటల్ యూనిఫాం విప్పకుండానే దుప్పట్లు మడతపెట్టుకునే ఆడవాళ్లు, బెంచీ మీదే కునికే కుర్రవాళ్లు. ఒక సాయంత్రం ఒకాయన వెండి కాగితం పొట్లం విప్పాడు. కాల్చిన మొక్కజొన్న వాసన, దాని వెనకాలే ఎండు మిరపకాయ కమ్మటి కారం. ఎండాకాలం మా మేడ మీద మిరపకాయలు ఆరబోసినప్పటి ఘాటు గొంతుకు తగిలింది. ఎక్కడిదని అడిగాను. నా స్పానిష్ ఆయనకు అర్థం కాలేదు, ఆయన ఇంగ్లీషు నాకు అందలేదు. లేచి నన్ను గుమ్మం దాకా తీసుకెళ్లి, వేలితో రోడ్డు కొస చూపించి, గడియారంలో నాలుగు అంకె మీద, తర్వాత ఏడు మీద వేలు పెట్టాడు.

ఊరి కొసన, ట్రైలర్ ఇళ్ల వరసలు మొదలయ్యే చోట, ఒక ఖాళీ స్థలంలో తెల్ల రంగు బండి. బోర్డు లేదు. పక్క కిటికీ తెరిచి ఉంటే ఉన్నట్టు, మూసి ఉంటే లేనట్టు. నాలుగు గంటలు దాటాక వేల్ నుంచి, కాపర్ మౌంటెన్ నుంచి బస్సులు, వ్యాన్లు రావడం మొదలయ్యేది. స్కీయింగ్ చేసేవాళ్ల హోటళ్లలో గదులు ఊడ్చి, పరుపులు మార్చి, అంట్లు తోమి వచ్చినవాళ్లు దిగి నేరుగా ఆ కిటికీ ముందు నిలబడేవారు. నేనూ వాళ్ల వెనక నిలబడ్డాను. మెడ నిండా శాలువా చుట్టుకున్న ఒక పెద్దావిడ లోపల నిలబడి ఉంది. పేరు రాయను. మేమందరం సెన్యోరా అనేవాళ్లం, స్పానిష్‌లో అమ్మగారు అన్నట్టు.

టాకోకు అడుగున ఉండే మొక్కజొన్న రొట్టెను టోర్టియా అంటారు. ఆమె దాన్ని చేయడం నేను ఎంతసేపైనా చూసేవాణ్ని. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు వదిలించి రుబ్బితే వచ్చే ముద్దతో చేస్తారు. మెక్సికోలో వేల ఏళ్లుగా ఇదే పద్ధతి. సున్నం వల్ల పిండికి జిగురు వస్తుంది, గింజలో ఒంటికి పట్టకుండా ఉండిపోయే నయాసిన్ అనే విటమిన్ విడుదలవుతుంది. బండిలో అంత తతంగానికి చోటు ఉండదు గనుక, అలా సున్నం పట్టించి ఎండబెట్టి ఆడించిన పిండి బస్తాలు తెచ్చుకునేది. ఆ కొండ మీద గాలిలో తేమ అసలుండదు. కలిపిన ముద్ద పది నిమిషాలు వదిలేస్తే అంచులు నెర్రెలు విచ్చుతాయి. అందుకే గిన్నె మీద ఎప్పుడూ తడిగుడ్డ ఉండేది, పక్కనే గోరువెచ్చని నీళ్ల చెంబు. నిమ్మకాయంత ఉండ తీసుకుని అరచేతిలో ఒత్తి చూసేది. అంచు పగిలితే వేళ్లు తడుపుకుని మళ్లీ పిసికేది. ప్లాస్టిక్ సంచీని గుండ్రంగా కత్తిరించిన రెండు ముక్కల మధ్య పెట్టి ఇనుప అచ్చులో ఒక్క నొక్కు. పైప్లాస్టిక్ తీసి, అరచేతిలోకి బోర్లించి, కిందది ఒలిచి, పెనం మీదికి జార్చేది. ఒక వైపు కాసేపు, రెండో వైపు ఇంకాసేపు, మళ్లీ తిప్పి వేలి కొసలతో నడుమ చిన్నగా తట్టగానే పుల్కాలా ఉబ్బేది. ఉబ్బనిదాన్ని ఎవరికీ పెట్టేది కాదు, పక్కన గిన్నెలో వేసేది. రాత్రికి వాటిని నూనెలో వేయించి ఇంటిల్లిపాదీ తినేవారట.

దాని మీద కార్నితాస్. పంది మాంసం పెద్ద ముక్కలను దాని కొవ్వులోనే సన్న సెగ మీద గంటల తరబడి మగ్గించి, చివర్లో మంట పెంచి అంచులు కరకరలాడేలా చేసేది. నీళ్ల మీద ఆధారపడిన వంటను ఎత్తు ఆలస్యం చేస్తుంది గాని, కొవ్వు వేడికి ఎత్తుతో పనిలేదు. అందుకే కొండ మీద ఆమె కార్నితాస్‌కు తిరుగులేదు. ఉల్లి తరుగు, కొత్తిమీర, పక్కన నిమ్మబద్ద, ముల్లంగి చక్రాలు. అంతే. చీజు లేదు, లెట్యూస్ లేదు. ఆపైన సాల్సా, అంటే వాళ్ల పచ్చడి. పచ్చనిది తొమాతియోలు, అంటే పచ్చి టమాటాల్లా కనిపించే పుల్లటి కాయలు, ఉడికించి చేసింది, అది పులుపు. ఎర్రనిది ఆర్బోల్ మిరపకాయలు పెనం మీద వేయించి వెల్లుల్లితో రుబ్బింది, అది కారం. కొత్తవాళ్లెవరైనా ఎర్ర సీసా ఎత్తితే క్యూలో ఉన్నవాళ్లంతా తల తిప్పి చూసేవారు. నేను ధారగా పోసుకున్నాను. సెన్యోరా కిటికీలోంచి తొంగిచూసి, ఏ ఊరు నీది అని అడిగింది.

ఆ ప్రశ్నతో మొదలైన మాట చాలా దూరం వెళ్లింది. ఆమెది మెక్సికోలో జకతేకాస్ రాష్ట్రం, ఫ్రెస్నియో పట్టణం. అది వెండి గనుల సీమ. జకతేకాస్‌లో స్పెయిన్ వాళ్లు వెండి కనుక్కున్నది 1546లో. ఆమె తాత, తండ్రి ఇద్దరూ గనిలో దిగినవాళ్లే. నాన్న బొగ్గు గనిలో పనిచేశారని చెప్పగానే, చేతిలోని గరిటె పక్కన పెట్టింది. నేను అనుకున్న ప్రశ్నలు ఏవీ వేయలేదు. ఎంత జీతం, ఎంత లోతు, ఇవేవీ కావు.

“మీ నాన్నకు దగ్గు వస్తుందా?” అని అడిగింది.

వస్తుందన్నాను. చలికాలం రాత్రుళ్లు ఎక్కువగా వస్తుందన్నాను. ఆమె తండ్రిని తీసుకుపోయింది కూడా ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతి ధూళే. నా పళ్లెంలో ఇంకో రెండు టాకోలు వేసి, డబ్బు తీసుకోలేదు. ఆ వారం ఇంటికి ఫోను చేసినప్పుడు నాన్నకు ఈ సంగతి చెప్పాను. “ఆమె నాన్న ఏ షిఫ్టులో పనిచేసేవాడో అడుగు” అన్నారు. గని మనుషులకు ఇలాంటివే కావాలి. నేను అడిగాను కూడా. రాత్రి షిఫ్టు. నాన్నది కూడా ఎక్కువ కాలం రాత్రి షిఫ్టే.

మెక్సికోలో టాకోల గురించిన తొలి రాతపూర్వక ప్రస్తావనల్లో గని కార్మికుల టాకోలు ఉన్నాయని జెఫ్రీ పిల్చర్ అనే చరిత్రకారుడు రాశాడు. నాకు అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. భూమి లోపలికి మోసుకుపోయే తిండికి పళ్లెం అక్కర ఉండకూడదు, నల్లబడిన చేతులతో తినగలగాలి, చల్లారినా గొంతు దిగాలి. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గని పనివాళ్లు మాంసం, బంగాళదుంప కూరిన పాస్టీలు పట్టుకెళ్లేవారు. వాళ్లు 19వ శతాబ్దంలో మెక్సికోలోని రియల్ దెల్ మోంతె గనులకు వెళ్లినప్పుడు అవీ వెంట వెళ్లాయి, ఇప్పటికీ అక్కడ అమ్ముతారు. అదే కార్న్‌వాల్ మనుషులు లెడ్‌విల్‌కూ వచ్చారు. నాన్న డబ్బాలో జొన్నరొట్టె, ఎర్ర కారం, ఉల్లిగడ్డ ఉండేవి.

గుంటూరు మిత్రుడు ఒకడు ఒక వేసవి నాకు సాయంగా వచ్చాడు. శుద్ధ శాకాహారి. మెక్సికన్ వంటలో చిక్కుడు గింజల ముద్ద చూసి శాకాహారమని చాలామంది అనుకుంటారు గాని, దాన్ని వేయించేది తరచుగా పంది కొవ్వులో. వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, ఇతను మాంసం తినడు, కొవ్వు కూడా తినడు అని చెప్పాను. ఆమెకు అది వింతగా అనిపించలేదు. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు తమ ఊళ్లో కూడా శుక్రవారాలు మాంసం ముట్టరని చెప్పింది. మర్నాటి నుంచి వాడి కోసం ఒక చిన్న గిన్నెలో నూనెతో గింజలు విడిగా వేయించేది. కాల్చి తొక్క తీసిన పొబ్లానో మిరపకాయ చీలికలు, బంగాళదుంప కలిపి ఒక టాకో. నోపాల్ ముక్కలు వేయించి ఇంకొకటి. నోపాల్ అంటే మనం పొలం గట్ల మీద చూసే నాగజెముడే. ముళ్లు గీసి, కోసి, ఉప్పేసి పెనం మీద వాడిస్తే బెండకాయలాగే జిగురు వదిలి, పుల్లగా, కమ్మగా ఉంటుంది. “మన ఊళ్లో మేకలు కూడా ముట్టవు కదరా దీన్ని” అంటూనే మూడు తిన్నాడు.

ఆమె దగ్గర పెద్ద గాజు జాడీలో ముదురు ఎరుపు రంగు చల్లటి పానీయం ఉండేది. జమైకా అంటారు. ఎండబెట్టిన పూరేకుల్లాంటివి నీళ్లలో మరిగించి, చక్కెర కలిపి చల్లార్చేది. మొదటి గుటకలోనే నాలుక మీద తెలిసిన పులుపు. ఇది నాకు తెలుసు అనిపించింది, ఏమిటో అందలేదు. గోల్డెన్ వెళ్లి గ్రంథాలయంలో వెతికాను. హిబిస్కస్ సబ్దరిఫా. మన ఎర్ర గోంగూర. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు కింద ఉండే కండగల రక్షక పత్రాలను ఎండబెట్టి తాగుతారు. ఒకే మొక్క. పాత ప్రపంచంలో, అంటే ఆసియా, ఆఫ్రికా, యూరప్‌ల వైపు, పుట్టి మెక్సికో చేరిన మొక్క అది. చింతపండు కూడా అలాగే చేరింది, ఆమె బండిలో చింతపండు నీళ్లూ అమ్మేది. అటు నుంచి మన దగ్గరికి మిరపకాయ వచ్చింది, టమాటా, మొక్కజొన్న, జామ, బొప్పాయి వచ్చాయి, నాగజెముడు వచ్చింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మిరపకాయ వచ్చేదాకా మన కారం ఎక్కువగా మిరియాలదే. గుంటూరు కారం లేని తెలుగు వంట నాకు ఊహకు అందదు. ఆ కారానికి పుట్టిల్లు ఆమె దేశం. ఫ్రెస్నియో చుట్టుపక్కల ఇప్పటికీ ఎండు మిరపే పెద్ద పంటట. కళ్లాల్లో ఎర్రగా పరిచి ఆరబెడతారని చెబుతుంటే, మిత్రుడు గుంటూరు యార్డు గురించి చేతులు తిప్పుతూ వర్ణించాడు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ధరల గురించి కూడా మాట్లాడుకున్నారు.

డెన్వర్ వైపు భారతీయ సరుకుల దుకాణంలో గోంగూర పచ్చడి సీసా కొని, తర్వాతి వారం ఆమెకు ఇచ్చాను. మూత తీసి వాసన చూసింది, వేలికి రాసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక వేడి టోర్టియా మీద కార్నితాస్ పెట్టి, ఉల్లి తరుగు చల్లి, పైన గోంగూర పచ్చడి ఒక చెంచా వేసి, తను సగం తిని, మిగతా సగం నాకిచ్చింది. పంది కొవ్వు మీద గోంగూర పులుపు పడితే ఎలా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. గోంగూర మాంసం ఎరిగిన నాలుకకు కూడా అది కొత్త. ఆ సాయంత్రం వరసలో ఉన్న ఇష్టమైన వాళ్లకు పిలిచి మరీ పెట్టింది. సీసా ఒక్క పూటలో అయిపోయింది.

శనివారాలు ఆమె అసాదో దె బోద వండేది. జకతేకాస్ పెళ్లిళ్లలో వండే ఎర్ర కూర అది. గ్వాహీయో మిరపకాయలు నానబెట్టి రుబ్బి, పంది మాంసంతో, నారింజ తొక్కతో, బిర్యానీ ఆకుతో, చివర్లో చిన్న చాక్లెట్ ముక్కతో. ఎరుపు మన గొర్రె మాంసం పులుసు ఎరుపే, రుచి మాత్రం ఇంకెక్కడిదో. చీకటి పడకముందే అయిపోయేది. ఆ రోజు పిల్లలు ఎక్కువగా ఉండేవారు, వారమంతా అమ్మానాన్నల ముఖం చూడని పిల్లలు. వాళ్లు అయిదు గంటలకే లేచి తమంతట తామే తయారై బడికి వెళ్తారని చెప్పేది.

ఆ ఊరు అలా ఎందుకయిందో మెల్లగా తెలిసింది. క్లైమాక్స్ గని 1980ల మొదట్లో వేలమందిని పని నుంచి తీసేసింది. ఊరి పన్నుల రాబడి కూలిపోయింది. గని మనుషులు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. అదే సమయంలో కనుమలకు అవతల వేల్ వంటి స్కీ పట్టణాలు పెరిగాయి. వేల్ పుట్టిందే 1962లో. అక్కడ పని ఉంది గాని, ఆ పని చేసేవాళ్లకు అక్కడ అద్దె కట్టే తాహతు లేదు. అందువల్ల లెడ్‌విల్‌లో ఉండి, చలికాలం చీకట్లో, మంచు మీద, టెనెసీ కనుమో ఫ్రీమాంట్ కనుమో దాటి వెళ్లి వచ్చేవాళ్లు. ఆ హోటళ్లలో ఒక్క రాత్రి అద్దె వీళ్ల నెల ఇంటద్దెకు దగ్గరగా ఉండేది. ఇది నాకు అప్పుడూ కోపం తెప్పించింది, ఇప్పుడూ తెప్పిస్తుంది. పరుపు మీద ముడత లేకుండా చేసే చేతులకు ఆ ఊళ్లో తలదాచుకునే చోటు లేకపోవడం ఏ లెక్కలో న్యాయం?

కొన్ని సాయంత్రాలు బండి ఉండేది కాదు. కనుమ మీద వలస అధికారులు కాగితాలు అడుగుతున్నారని ఎవరో అన్నారంటే చాలు, ట్రైలర్ ఇళ్ల దగ్గర లైట్లు వెలిగేవి కావు, బట్టల షాపు ఖాళీగా ఉండేది. నా వీసా కాగితాలు గ్లోవ్ బాక్సులో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉండేవి. రోడ్డు మీద పోలీసు దీపం కనిపిస్తే నా గుండె కూడా ఒక్క క్షణం ఆగేది గాని, ఆ తర్వాత ఇంటికి వెళ్లి నిద్రపోగలిగేవాణ్ని. వాళ్లకు ఆ భరోసా లేదు. నాలుగు రోజులకు బండి కిటికీ మళ్లీ తెరుచుకుంటే, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. వరస మాత్రం మామూలు కంటే పొడవుగా ఉండేది.

2011 చివర్లో నా చదువు పూర్తయింది. మరుసటి ఏడు క్లైమాక్స్ గని మళ్లీ తెరిచారని చదివాను. సెన్యోరాకు ఫోను చేస్తే, గని తెరిస్తే తెరిచారు, నాకు పొద్దున కూడా వండాల్సి వస్తోంది అంది. ఉద్యోగం వచ్చి నేను అరిజోనా వెళ్లాను, ఆ తర్వాత హైదరాబాద్. ఎర్ర సాల్సా ఇంట్లో చేస్తాను. ఆర్బోల్ మిరప దొరకదు, గుంటూరు మిరపకాయనే పొడి పెనం మీద ఆమె చెప్పినంత సేపు వేయిస్తాను. ఘాటు ముక్కుకు తగిలి తుమ్ము రాబోయే ముందే తీసేయాలి, ఒక్క క్షణం దాటితే చేదు. నాన్న ఇడ్లీలో నంచుకుంటారు.

చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగం పని మీద డెన్వర్ వెళ్లినప్పుడు, రెండు రోజులు సెలవు పెట్టి లెడ్‌విల్ వెళ్లాను. సెన్యోరా తల్లిని చూసుకోవడానికి ఫ్రెస్నియో వెళ్లి అక్కడే ఉండిపోయింది. బండి ఆమె కొడుకు నడుపుతున్నాడు. పగలు క్లైమాక్స్‌లో లారీ తోలి, సాయంత్రం బండి తెరుస్తాడు. సాల్సా అదే, కార్నితాస్ అవే. టోర్టియాలు మాత్రం పాకెట్లలో కొన్నవి, అంచులు ఒక్క కొలతలో ఉన్నాయి, పెనం మీద ఉబ్బలేదు. దాచకుండా చెప్పాను. అతనూ దాచలేదు. రెండు పనుల మధ్య పిండి పిసికే తీరిక లేదన్నాడు. “ఆదివారం మా ఆవిడ చేత్తో చేస్తుంది. ఉండగలరా?” అని అడిగాడు.

విమానం టికెట్ మార్చుకుని ఉన్నాను. ఆమె టోర్టియాలు అత్తగారివాటి కంటే కాస్త మందం, పెనం మీంచి కూడా కొంచెం ముందే దించుతుంది. కానీ గిన్నె మీద తడిగుడ్డ ఉంది, ఉబ్బనివి పక్క గిన్నెలోకి పోతున్నాయి. అసాదో తిన్నాను, కార్నితాస్ తిన్నాను, జమైకా రెండు గ్లాసులు తాగాను. హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసాలు రెండూ అతనికిచ్చి, ఒకటి ఫ్రెస్నియోకు పంపమన్నాను.